‘అన్నా, ఓ సంతకం పెట్టియ్యే’ అన్నప్పుడు: పేరు లేని రచయిత పుస్తకం మీద ఏం రాయాలి, ఎలా రాయాలి

సొంత ఖర్చుతో ఐదు వందల కాపీలు అచ్చు వేసుకున్న మనిషి ముందుకు ఎవరో పుస్తకం చాపి ‘అన్నా, ఓ సంతకం పెట్టియ్యే’ అంటారు. వెంటనే మూడు భయాలు పట్టుకుంటాయి. సంతకాలు చేసేంతటోణ్ణా నేను, అనేది మొదటిది. ఈయన పేరేంటో గుర్తుకొస్తలేదే, అనేది రెండోది. మూడోది చిన్నదే కానీ అన్నిటికన్నా నిజమైనది: జేబులో పెన్ను లేదు.

మూడోదాన్ని వంద రూపాయల్లోపు తీర్చుకోవచ్చు. రెండోదానికి చిన్న ఏర్పాటు చాలు. మొదటిది పూర్తిగా పోదు, పోకపోయినా పని ఆగదు. పుస్తకం మీది సంతకాన్ని గొప్పతనానికి గుర్తు అనుకుంటే చేయి వణుకుతుంది. రశీదు అనుకుంటే వణకదు: ఫలానా పుస్తకం ఫలానా మనిషికి ఫలానా రోజు ఫలానా ఊళ్లో చేరింది అని రాసిన మనిషే రాసివ్వడం. రశీదు రాయడానికి పేరున్నోళ్లే కానక్కర్లేదు. రాసేది తప్పుల్లేకుండా, చెరిగిపోకుండా రాయాలి, అంతే. ఇక్కడ చెప్పేదంతా ఆ పని గురించే.

ముందు సంతకం తయారు చేసుకోవాలి

బ్యాంకులో, చెక్కు మీద, ఆఫీసు ఫైళ్ల మీద చేసే సంతకాన్ని పుస్తకం మీద పెట్టకండి. అది ఐదు వందల ఇళ్లకు మీ చెక్కు సంతకం నమూనా పంచినట్టే. పైగా ఈరోజుల్లో కొన్నవాళ్లు ఇంటికి చేరకముందే ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు.

మనలో చాలామంది సంతకం పదో తరగతి నాటిది, అదీ ఇంగ్లీషులో. తెలుగు పుస్తకం మీద తెలుగు సంతకమే బాగుంటుంది, దాన్ని కొత్తగా అలవాటు చేసుకోవాలి. సుడులు, కింద రెండు గీతలు, చివర చుక్కలు వద్దు. పేరున్న రచయిత గీకి పారేసినా జనం పోల్చుకుంటారు. మీ సంతకం చదవడానికి వస్తేనే అది మీదని తెలుస్తుంది. కవరు మీద అచ్చయిన పేరే రాయండి. కలం పేరుతో పుస్తకం వేస్తే సంతకమూ కలం పేరుతోనే ఉండాలి. ఇంటిపేరు కవరు మీద లేకపోతే సంతకంలోనూ అక్కర్లేదు.

వారం రోజుల పాటు రోజూ ఇరవై సార్లు గీతల్లేని తెల్ల కాగితం మీద రాయండి. ఇది అతి అనిపించవచ్చు. ఫోన్‌లో టైపు చేయడం మరిగాక చేతిరాత ఎంత పాడైందో మూడో రోజుకు తెలుస్తుంది. తెలుగుకు ఇంకో చిక్కుంది. వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. కాబట్టి వరుసకూ వరుసకూ మధ్య కనీసం ఒకటిన్నర సెంటీమీటరు వదలాలి. లేకపోతే పై వరుసలోని ‘స్వ’ వత్తు వచ్చి కింది వరుసలోని ‘శ్రీ’ గుడిని గుద్దుకుంటుంది.

పెన్ను: దుకాణంలో కాదు, మీ పుస్తకం కాగితం మీద చూడాలి

ఇది ఎక్కువమంది వదిలేసే మెట్టు, ఎక్కువ పుస్తకాలు పాడయ్యేదీ ఇక్కడే. అచ్చయ్యేటప్పుడు ప్రెస్సులో పాడైన ఫారాలు ఎలాగూ మిగులుతాయి. పది షీట్లు అడిగి తెచ్చుకోండి, ఊరికే ఇస్తారు. ముందు, ప్రెస్సువాళ్లు ఏ కాగితం వాడారో తెలుసుకోండి. కథల పుస్తకాలు, కవితా సంపుటాలు ఎక్కువగా 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) మ్యాప్‌లిథో అనే పూత లేని తెల్ల కాగితం మీద వేస్తారు. కొందరు పసుపు ఛాయ ఉన్న నాచురల్ షేడ్ కాగితం వాడతారు. ఫొటోలున్న పుస్తకమైతే నున్నటి ఆర్ట్ పేపరు. ఒకదానిమీద చక్కగా ఆరిన ఇంకు ఇంకోదాని మీద ఆరదు.

పరీక్ష ఇలా చేయండి. ఆ షీటు మీద మీ సంతకంతో పాటు ఒక పూర్తి వాక్యం రాయండి. పది లెక్కపెట్టి బొటనవేలితో అడ్డంగా రుద్దండి. ఇంకో వాక్యం రాసి ముప్పై లెక్కపెట్టి రుద్దండి. మూడోది రాసి ఐదు నిమిషాలాగి తడివేలితో తాకండి. తరవాత కాగితం తిప్పి వెనక వైపు చూడండి. నాలుగు పెన్నులు పట్టుకుని కూర్చుంటే పావుగంటలో తేలిపోతుంది.

ఏం కనిపిస్తుందో ముందే చెప్పవచ్చు. బాల్ పెన్నులో ఉండేది నూనె ముద్దలాంటి ఇంకు. తడికి చెదరదు, త్వరగా ఆరుతుంది, కానీ గట్టిగా నొక్కాలి. ఆ నొక్కుడుకు వెనక పేజీలో గాడి పడుతుంది. సంతకం చేసే పేజీ కింద పోస్టుకార్డు మందం అట్టముక్క పెడితే ఈ బాధ తప్పుతుంది. జెల్ పెన్ను అక్షరం బాగుంటుంది, చేయి తేలిగ్గా నడుస్తుంది. మ్యాప్‌లిథో మీద అరనిమిషంలో ఆరుతుంది కూడా. ఆర్ట్ పేపరు ఇంకును పీల్చదు కాబట్టి అదే పెన్ను దానిమీద నిమిషాల తరబడి తడిగానే ఉండి ఎదుటి పేజీకి అంటుకుంటుంది. ఇంకు పెన్ను చూడముచ్చటగా ఉంటుంది గానీ కాగితం కొంచెం నాసిరకమైతే ఇంకు పోగుల వెంట పాకి అక్షరానికి మీసాలు మొలుస్తాయి. మామూలు ఇంకు మీద ఒక్క నీటిచుక్క పడితే అంతే సంగతి. పర్మనెంట్ మార్కర్‌లోని ఆల్కహాలు కాగితం లోపలికి దిగి ఇంకును అవతలి పేజీకి తోసుకుపోతుంది. దాన్ని పుస్తకానికి దూరంగా పెట్టండి.

ఏదైనా ఒకటే కొనాలంటే పిగ్మెంట్ ఇంకు ఉండే 0.5 ఫైన్‌లైనర్ (సన్న మొన పెన్ను) కొనండి. ఇంజినీరింగ్ డ్రాయింగ్ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. నీటికి చెదరదు, వెలిసిపోదు. అది దొరకకపోతే 0.7 బాల్ పెన్ను నమ్మకమైనది. మొన లావైతే ‘ఘ’, ‘ఝ’, ‘ష’ల లోపలి ఖాళీ పూడుకుపోయి నల్లచుక్కలవుతాయి.

రంగు నీలమే మంచిది. నల్లగా రాస్తే దూరం నుంచి అచ్చులో భాగంలాగే కనిపిస్తుంది, చేత్తో రాసినట్టు తెలియదు. ఎరుపు చూస్తే బడిలో మార్కులు గుర్తుకొస్తాయి. ఆకుపచ్చ చూస్తే గెజిటెడ్ ఆఫీసరు అటెస్టేషన్ చేసినట్టుంటుంది. ఒకే రకం పెన్నులు మూడు దగ్గరుంచుకోండి. అరువిచ్చిన పెన్ను తిరిగి రాదని తెలిసిందే.

ఏ పేజీ మీద

కవరు తెరవగానే కుడివైపు వచ్చే మొదటి పేజీలో పుస్తకం పేరు ఒక్కటే ఉంటే అదే సరైన చోటు. పేరు కింద ఎడమ అంచు నుంచి మొదలుపెట్టండి. డబ్బు ఆదా కోసం చాలా పుస్తకాల్లో ఈ పేజీ తీసేస్తారు. అప్పుడు మొదటిదే ఇన్నర్ టైటిల్ అవుతుంది, అందులో పైన పేరు, కింద ప్రచురణ సంస్థ, మధ్యలో బొమ్మ. చోటు దొరకదు. ఇంకా అచ్చుకు పోకపోతే డీటీపీ చేసేవారికి, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చేవారికి, ఇప్పుడే చెప్పండి. పుస్తకం పదహారు పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది. మీ లెక్క 157 పేజీలకు తేలితే 160కి మూడు పేజీలు ఖాళీగా మిగులుతాయి. అవి మూడూ చివర్లోకి తోసేయకుండా రెండు ముందుకు తెస్తే ఒక ఆకు వస్తుంది. పైసా ఖర్చు లేకుండా సంతకానికి చోటు దొరికినట్టే.

లోపలి అట్ట మీద రాయకండి. అది నునుపైన బోర్డు, ఇంకు జారుతుంది. గ్రంథాలయంవాళ్లు మళ్లీ బైండింగ్ చేయిస్తే అట్టతో పాటే మీ రాతా పోతుంది. అంకితం పేజీ మీద అసలే రాయకండి. ఆ పేజీ వేరొకరిది. అమ్మకు అంకితమిచ్చిన పేజీలో పక్కింటాయన పేరు చూస్తే ఎవరికైనా అదోలా ఉంటుంది.

రాసేటప్పుడు పుస్తకం కింది అంచుకు ఆనుకుని అంతే మందమున్న ఇంకో కాపీ పెట్టుకోండి. మణికట్టు గాలిలో వేలాడకుండా సమంగా ఆనుతుంది. రెండో వరుస కిందికి జారిపోవడానికి సగం కారణం మణికట్టుకు ఆసరా లేకపోవడమే. పుస్తకాన్ని వెనక్కి విరిచి పట్టుకోవద్దు. జిగురుతో అతికించిన గమ్ బైండింగ్ అయితే వెన్ను పగిలి మొదటి ఆకులు ఊడతాయి. ఎడమచేతి బొటనవేలితో అట్టను నెమ్మదిగా ఆపితే చాలు.

పేరు: ఇక్కడ పోయిన పరువు మళ్లీ రాదు

తెలిసిన పేరైనా అడగాల్సిందే. కారణం మొహమాటం కాదు, మన పేర్ల తీరు. మన తెలంగాణ దిక్కు నరేంద్ర, సురేంద్ర కన్నా నరేందర్, సురేందర్, రాజేందర్, రవీందర్‌లే ఎక్కువ. పుస్తకం భాషలో రాసి రాసి అలవాటైన చేయి ‘రవీంద్ర గారికి’ అని రాసేస్తుంది. ఆధార్ కార్డులో, బడి రిజిస్టరులో, పెళ్లి పత్రికలో రవీందర్‌గా ఉన్న మనిషికి అది తన పేరు కాదు. రాజేశ్, రాజేష్ వేరు. సతీశ్, సతీష్ వేరు. లక్ష్మికి దీర్ఘం ఉందా లేదా, స్రవంతా శ్రవంతా, రజితా రంజితా, ఇవన్నీ ఆ మనిషికి మాత్రమే తెలిసిన సంగతులు. కొమురయ్య, సమ్మయ్య, సారయ్య, ఐలయ్య పేర్లను ‘అందంగా’ దిద్దే సాహసం చేయకండి. సమ్మక్క పేరును సమ్మక్కగానే రాయాలి. ముస్లిం పేర్లలో ఖ, గ, జ, ఫ ఎక్కడ వస్తాయో మన చెవికి అందదు. ఖాజా, ఖాసిం, ఫర్జానా లాంటివి అడిగి రాయడమే పద్ధతి.

అడగడానికి మొహమాటం లేని ఉపాయం చీటీలు. తెల్ల కాగితాలను అరచేతిలో సగం పట్టేంత ముక్కలు చేసి బల్ల దగ్గర పెట్టండి. పుస్తకం తీసుకున్నవాళ్లు తమ పేరు, ఎవరికోసం తీసుకున్నారో ఆ పేరు, తెలుగులో రాసి పుస్తకంలో పెట్టుకుని వరుసలోకి వస్తారు. దీంతో రెండో భయం కూడా తీరుతుంది: ఇరవై ఏళ్ల కిందటి క్లాసుమేటు ఎదురొచ్చి ‘గుర్తున్ననా?’ అని నవ్వినా పేరు చీటీలో రాసే ఉంటుంది. చీటీలు లేని చోట ‘పేరు ఎట్ల రాయాలె, మీరు రాసుకునే తీరే చెప్పండి’ అంటే చాలు. కుర్రాళ్లలో కొందరికి తమ పేరు తెలుగులో రాసే అలవాటు పోయింది. ఇంగ్లీషులో రాసిస్తే మీరు తెలుగులో ఒక ముక్క మీద రాసి చూపించి, వాళ్లు తలూపాకే పుస్తకం తెరవండి.

ప్రత్యయం సంగతీ చూసుకోవాలి. ఇకారంతో ముగిసే పేరుకు ‘కి’, మిగతావాటికి ‘కు’: స్వాతికి, భారతికి, రజితకు, నరేందర్‌కు. ‘గారు’ చేరిస్తే గొడవే లేదు, అన్నీ ‘గారికి’ అయిపోతాయి. తొందరలో ఉన్నవాళ్లందరికీ ఇదే క్షేమం.

పేరు కింద ఏం రాయాలి

రాతలో వరస తప్పడం, అక్షరం తప్పడం కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది. మీకన్నా పెద్దవాళ్లకు ‘ఆశీస్సులతో’ అని రాయకూడదు. తొందరలో ఇది నిజంగానే జరుగుతుంది, ముందొచ్చిన ముగ్గురు పిల్లలకు అదే రాసిన ఊపులో. పెద్దలకు ‘నమస్కారాలతో’. పాఠం చెప్పిన సార్‌కు ‘మీ విద్యార్థి’ అని సంతకానికి పైన. సమవయసు దోస్తుకు ‘ప్రేమతో’ లేదా ‘దోస్తానాతో’. చిన్నవాళ్లకు ‘శుభాకాంక్షలతో’. ముఖపరిచయం లేని స్త్రీకి పురుషుడు, పురుషుడికి స్త్రీ రాసేటప్పుడు ‘అభినందనలతో’ అనేది ఎవరికీ ఇబ్బంది పెట్టని మాట. బంధువులకు వరసతో రాస్తే బాగుంటుంది. ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే రాయండి: బావకు, చెల్లెకు, చిన్నాయినకు, పెద్దమ్మకు. అందరి ముందూ వరస రాయడం కొందరికి నచ్చదు. ‘వరస పెట్టాల్నా, పేరు పెట్టాల్నా?’ అని ఒక్క మాట అడగండి.

డబ్బులిచ్చి కొన్న పుస్తకం మీద ‘కానుకగా’, ‘సమర్పణ’, ‘ప్రేమతో బహూకరణ’ అని రాయకండి. నూట యాభై రూపాయలు ఇచ్చిన మనిషికి అది వింతగా ఉంటుంది. రేపు ఎవరైనా చూసి ‘నీకు ఫిరీగ ఇచ్చిండా?’ అని అడిగితే ఏం చెప్పాలి? ఉచితంగా ఇచ్చిన కాపీలకే ఆ మాటలు. ఆ తేడా పాటిస్తే మీ లెక్కకూ పనికొస్తుంది.

పేరు లేని రచయిత చేసే ఇంకో పొరపాటు తనను తాను తగ్గించుకుంటూ రాయడం. ‘నా ఈ చిన్న ప్రయత్నాన్ని మన్నించి చదవగలరని’ లాంటి వాక్యం సిగ్గులోంచి వస్తుంది. రాసిన క్షణంలో వినయంగానే ఉంటుంది. కానీ ఆ పేజీ ముప్పై ఏళ్లు ఉంటుంది. చదవబోయే మనిషికి తలుపు దగ్గరే క్షమాపణ చెప్పి లోపలికి పంపినట్టుంటుంది. దీనికి ఎదురు కొసన ఇంకో తప్పుంది: తత్త్వం చెప్పడం. జీవితం, అక్షరం, వెలుగు, ప్రయాణం, ఈ నాలుగు మాటల్లో ఏది కనిపించినా కలం ఆపండి.

మరి రాయదగ్గదేమిటి? ఆ మనిషికీ ఈ పుస్తకానికీ ఉన్న ఒక్క నిజం. ‘వానలో పరకాల నుంచి వచ్చినందుకు’, ‘మూడో కథ మీ ఊరిదే’, ‘మొదట అడిగింది మీరే’. ఐదారు మాటలు దాటకూడదు. అలాంటిదేమీ తట్టకపోతే పేరు, సంతకం, ఊరు, తేదీ చాలు. బలవంతపు వాక్యం కన్నా ఖాళీ చోటే మేలు. తేదీ పూర్తిగా వేయండి, సంవత్సరం నాలుగంకెల్లో. ఊరి పేరు తప్పక రాయండి. హనుమకొండలోనా, కాజీపేటలోనా, జమ్మికుంటలోనా అన్నది పదేళ్ల తరవాత మీకే ఆసక్తిగా ఉంటుంది.

గ్రంథాలయానికి ఇచ్చే కాపీల సంగతి వేరు. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం లాంటి చోటికి ఇచ్చేటప్పుడు సంస్థ పేరు, మీ సంతకం, తేదీ పేజీ పైభాగంలోనే ముగించి కింద సగం ఖాళీగా వదలండి. వాళ్ల ముద్ర, నమోదు సంఖ్య అక్కడ పడాలి. కార్యదర్శి గారి సొంత పేరు రాయకండి. రాస్తే పుస్తకం అలమరలోకి పోవాలా, ఆయన ఇంటికి పోవాలా అన్న సందేహం వస్తుంది.

సభ రోజు

మన ఆవిష్కరణ సభల్లో సంతకాల సమయం చివర్లో ఉంటుంది, అంటే ఉండదు. ఐదున్నరకు అన్న సభ ఆరుంబావుకు మొదలవుతుంది. అధ్యక్షుడు, ఆవిష్కర్త, ముగ్గురు ఆత్మీయ అతిథులు, పుస్తక పరిచయం, శాలువాలు అయ్యేసరికి నర్సంపేట, ములుగు, భూపాలపల్లి పోవాల్సినవాళ్లు బస్టాండు దారి పడతారు. మిగిలినవాళ్లు రైలు టైము చూసుకుంటుంటారు. మీ చేతుల్లో శాలువాలు, మెడలో దండ, చుట్టూ ఫొటోలు. కాబట్టి సంతకాలు సభకు ముందే పెట్టుకోండి. ఆహ్వానంలోనే ‘సాయంత్రం 4:45 నుంచి పుస్తకాలు, సంతకాలు’ అని రాయండి. ఆవిష్కరణకు ముందే అమ్మడం మర్యాద కాదని కొందరు పెద్దలు అంటారు. ఆవిష్కర్తకు ముందుగా ఒక మాట చెబితే ఆయన కాదనరు. కాపీలు చేతిలో ఉన్న సభ ఉపన్యాసాలు కూడా బాగా వింటుంది.

హాలు పెద్దదైతే గౌరవం అనుకోవద్దు. హనుమకొండలో 2024 నవంబరులో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం లాంటి చోట నలభైమంది కూర్చుంటే ఎవరూ రానట్టే కనిపిస్తుంది. అదే నలభైమంది అరవై కుర్చీల గదిలో నిండుగా ఉంటారు. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం కూడా. ఆ వారంలో సాహిత్య సభలు ఎక్కువ, వచ్చేవాళ్లు చీలిపోతారు. అప్పుడు వానలు కూడా ఉంటాయి. చెమ్మగాలికి కాగితం వంపు తిరుగుతుంది, ఇంకు ఆలస్యంగా ఆరుతుంది. పరీక్షలో ముప్పై లెక్కపెట్టినచోట అరవై లెక్కపెట్టండి.

బల్ల వేదిక మీద కాదు, ద్వారం పక్కన వేయించండి. ఫ్యాను నేరుగా బల్ల మీదికి కొట్టకూడదు, చీటీలన్నీ ఎగిరిపోతాయి. రెండు కుర్చీలు వేయించండి: ఒకటి మీకు, ఒకటి ఎదురుగా వచ్చినవాళ్లకు. వయసు మళ్లినవాళ్లు నిలబడి ఉంటే మీరు కూర్చుని రాయడం బాగోదు. డబ్బు మీరు ముట్టకండి. పక్కన ఒక తమ్ముణ్ణో చెల్లెనో కూర్చోబెట్టండి, క్యూఆర్ కోడ్ అట్ట, యాభై, వంద నోట్లలో చిల్లర వాళ్ల దగ్గరుండాలి. హాళ్లలో సిగ్నల్ ఉండదు, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. ఒకే చేత్తో డబ్బు తీసుకుని అదే చేత్తో ‘ప్రేమతో’ అని రాయడం చిన్న రచయితలను ఎక్కువ ఇబ్బంది పెట్టే క్షణం. ఈ ఏర్పాటుతో అది తప్పిపోతుంది.

ఒక్కొక్కరికి నిమిషంన్నర పడుతుందని లెక్క వేసుకోండి. ముప్పైమందికి ముప్పావుగంట. వంద కుర్చీలున్న సభకు నలభై కాపీలు బల్ల మీద, ఇంకో ఇరవై పెట్టెలో ఉంచితే సరిపోతుంది. రెండు వందల కాపీలు కోటగోడలా పేర్చితే సభ ముగిసినా తగ్గినట్టు కనిపించదు. చూసే మీకే నీరసం వస్తుంది. రాసిన ప్రతి పుస్తకంలో చీటీ అలాగే ఉంచి, దాన్ని తడి సంతకం మీదికి మడిచి మూయండి. పీల్చే కాగితమైతే అదే అద్దుడు కాగితంలా పనిచేస్తుంది. గట్టిగా అదమకండి.

ఎవరూ రాకపోతే

ఇది జరుగుతుంది. పావుగంట ఖాళీ బల్ల వెనక కూర్చోవడం ఉపన్యాసం మరిచిపోవడం కన్నా కష్టం. దీనికీ పద్ధతి ఉంది. చేతులు కట్టుకుని ద్వారం వైపు చూడకండి. అలా చూస్తే లోపలికి వచ్చేవాళ్లు చూపు తప్పించుకుని పోతారు. పని తెచ్చుకోండి: పోస్టులో పంపాల్సిన కాపీలు పది, వాటి చిరునామాల జాబితా. రాస్తున్న మనిషి దగ్గరికి జనం వస్తారు. లేచి వెళ్లి వచ్చినవాళ్లతో మాట్లాడండి, కానీ చేతిలో పుస్తకం పట్టుకుని వెళ్లకండి. పుస్తకం కొనాలన్న ఒత్తిడి లేదని తెలిస్తేనే మాట సాగుతుంది.

వచ్చినవాళ్లు ముగ్గురే అయితే ఒక్కొక్కరికి ఐదు నిమిషాలివ్వండి. ‘మీరైనా వచ్చారు’ అని మాత్రం అనకండి. వచ్చినవాళ్ల ముందు రానివాళ్ల లెక్క తీసినట్టవుతుంది. కొనకుండా పేజీలు తిప్పి పెట్టేసిన వాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. ‘మాకు ఫిరీగ ఇయ్యవా?’ అనే చుట్టాలకు జవాబు ముందే అనుకుని పెట్టుకోండి. ‘మొదటి పాతిక కాపీలు పంచిన, అయిపోయినయి’ అంటే గొడవ ఉండదు. ఆ పాతిక నిజంగా పంచి ఉండాలి మరి.

తప్పు పోతే

పేరు తప్పు రాశారు. దిద్దకండి, అక్షరం మీద అక్షరం ఎక్కించకండి, వైట్‌నర్ అసలే వద్దు. అది కొన్నాళ్లకు పసుపెక్కి పెచ్చులూడుతుంది. ‘తప్పు రాసిన, ఇంకోటి ఇస్త’ అని కొత్త కాపీ తీయండి. వందకు ఐదు కాపీలు దీనికోసమే అనుకోండి. పాడైనదాన్ని మీ సొంత కాపీగా ఉంచుకుని అందులో అచ్చుతప్పులు గుర్తించుకుంటే రెండో ముద్రణకు పనికొస్తుంది. అదే చివరి కాపీ అయితే చదివే మనిషినే అడగండి. చాలామంది ఒక్క అడ్డగీత కొట్టించుకుని పక్కన సరైన పేరు రాయించుకోవడానికి ఒప్పుకుంటారు.

పేజీ చింపేద్దామనే ఆలోచన రాకూడదు. కుట్టు బైండింగ్‌లో ప్రతి ఆకూ మడతపెట్టిన కాగితంలో సగమే. పదహారు పేజీల ఫారంలో మొదటి ఆకు లాగితే దాని జంట అయిన 15, 16 పేజీల ఆకు వదులై ఊడుతుంది. గమ్ బైండింగ్‌లో పక్క ఆకులు కూడా ఒక్కొక్కటే కదులుతాయి.

పుస్తకాల దుకాణంలో అమ్మకానికి ఉన్న మీ కాపీలు చూసి ఉత్సాహంగా సంతకాలు పెట్టేయకండి. యజమానిని అడగండి. అమ్ముడుపోని కాపీలు వాపసు ఇచ్చే ఒప్పందం ఉంటే, రాత పడిన కాపీల దగ్గర పేచీ వస్తుంది. ఒప్పుకుంటే పేరు లేకుండా సంతకం, తేదీ మాత్రం వేయండి. సంతకానికి పైన కొన్నవాళ్ల పేరు కోసం చోటు వదలండి.

పోస్టులో పంపేటప్పుడు

పేరును చదివేవాళ్లనే వాట్సాప్‌లో తెలుగులో టైపు చేసి పంపమనండి. ఫోన్‌లో విని రాసుకుంటే సగం తప్పులు అక్కడే పుడతాయి. ఒక పుస్తకం రాయడం, అదే పుస్తకాన్ని ప్యాక్ చేయడం, దానిమీదే చిరునామా రాయడం, ఆ తరవాతే రెండోది తెరవడం. ఇరవై పుస్తకాలు వరుసగా రాసేసి ఇరవై కవర్లు వరుసగా అతికిస్తే కరీంనగర్ స్వాతి పుస్తకం మంచిర్యాల రవీందర్‌కు పోతుంది. ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే.

ప్యాక్ చేసేముందు పది నిమిషాలు ఆరనివ్వండి. ముందు ప్లాస్టిక్ కవరు, దానిపైన అట్ట, ఆపైన గోధుమరంగు కాగితం. డెమ్మీ 1/8 సైజులో 160 పేజీల పుస్తకం 70 జీఎస్‌ఎం కాగితం మీద దాదాపు 190 గ్రాములు తూగుతుంది. ప్యాకింగుతో కలిపినా 300 గ్రాముల్లోపే ఉండేట్టు చూసుకోండి. తపాలా శాఖ పుస్తకాల కోసం 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా రూ.20, పన్ను అదనం. అందులో పంపే పుస్తకం మీద ప్రచురణకర్తదో ముద్రాపకులదో పేరు ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. లోపల విడి ఉత్తరం పెట్టకండి. చెప్పాలనుకున్నది సంతకం పేజీలోనే ముగించి, చేతిరాత ఉందని కౌంటర్లో ముందే చెప్పండి. నేలమార్గంలో పోతుంది కాబట్టి ఆలస్యమవుతుంది. తొందరైతే స్పీడ్ పోస్టే. రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది.

పాత పుస్తకాల కుప్పలో

ఏదో ఒక రోజు మీరు సంతకం చేసిన కాపీ పాత పుస్తకాల బండి మీద కనిపిస్తుంది, లేదా ఎవరో ఫొటో తీసి పంపుతారు. పైన పేరు కూడా ఉంటుంది, ‘ప్రేమతో’ కూడా ఉంటుంది. ఆ పేజీని నలుగురికీ చూపించకండి. ఇల్లు మారేటప్పుడో, మనిషి పోయాక పిల్లలు అలమర ఖాళీ చేసేటప్పుడో పుస్తకాలు అలా వస్తాయి.

ఒక్కోసారి అలాంటి కాపీని ఇరవై రూపాయలకు కొన్న కుర్రాడే దాన్ని పట్టుకుని మీ సభకు వస్తాడు, ‘సార్, దీని మీద పెట్టిస్తరా?’ అని కొంచెం భయంగా చాపుతాడు. పాత పేరు కొట్టేయకండి. దాని కింద రెండు వేళ్ల చోటు వదిలి కొత్త పేరు, ఆ రోజు తేదీ, ఊరు రాసి సంతకం చేయండి. పెన్ను అదే నీలం అయితే బాగుంటుంది. ఆరాక ఇవ్వండి.